మైకు మేస్త్రి పరువు

బస్సు డిపో మరమ్మతు షెడ్డులో బ్రేకులు చూసే మేస్త్రికి అమ్మానాన్నలు పెట్టిన పేరేమిటో ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ అతను మైకు. బస్సు కింద వెల్లకిలా పడుకుని ఏదైనా అన్నాడంటే టికెట్ల కిటికీ దాకా వినిపించేది. చేతిపని మంచిదే, కాదనను. నోటిపని మాత్రం దానికి పదింతలు.

ఊరూరా పాకుతున్న జబ్బుకు టీకా వేయించుకోని ప్రభుత్వ ఉద్యోగులను ఇంటికి పంపేస్తామని ఉత్తర్వు వచ్చింది. షెడ్డులో మీటింగు పెట్టారు. నిజానికి మేస్త్రికి టీకా మీద పెద్ద కోపమేమీ లేదు. బెదిరించి చేయించడం మీద కోపం. అందులో కొంత న్యాయం కూడా ఉంది. అక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లు వినబడ్డాక మన మేస్త్రి ఆగిన దాఖలా ఏనాడూ లేదు. పాత టైర్ల మీదికెక్కి, "నా ఒంట్లో సూది దిగితే నేను మా అయ్యకి పుట్టలేదనుకోండి!" అని అరిచాడు. నోరా వీపుకు చేటు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు.

చప్పట్లు కొట్టినవాళ్లలో చాలామంది ఆ వారంలోనే చల్లగా జారుకుని సూది వేయించుకున్నారు. పెళ్లాం పిల్లలు ఉన్నవాళ్లు, వాళ్లను తప్పుపట్టను. మేస్త్రిని నమ్ముకుని మిగిలింది గుప్పెడు మంది. వాళ్లలో మొదటివాడు అతని బావమరిది, అదే షెడ్డులో వెల్డరు. వాడికి బావ చెప్పిందే వేదం. బావ మీసం దువ్వితే వాడు లేని మీసం తడుముకునే రకం.

ఇంతలో షెడ్డు వాచ్‌మన్ ఆ జబ్బుతోనే పోయాడు. మేస్త్రికి షుగరుంది. గుండె జారిపోయింది. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, బస్సు మారి బస్సెక్కి, ఊరికి అవతలి చివరన ఉన్న ఆసుపత్రికి వెళ్లి సూది వేయించుకొచ్చాడు. జ్వరం తగిలితే ఎండదెబ్బ అని ఇంటావిడకు చెప్పాడు. రెండో సూదీ అలాగే కానిచ్చాడు.

ఆ సంగతి ఆఫీసులో చెబితే ఉద్యోగం దక్కుతుంది, పరువు పోతుంది. బుద్ధున్నవాడెవడైనా ఉద్యోగం దక్కించుకుంటాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఇతను మొండివాడు కూడా కాదు, అలా కనబడాలని సరదాపడ్డ పిరికిపంద. ఉద్యోగం ఊడిందన్న కాగితం అందుకుని ఛాతీ విరుచుకుని గేటు దాటాడు. వెనకాలే బావమరిది, తక్కినవాళ్లు.

వీళ్లు పోయాక డిపో కుంటుపడింది. వెల్డరు లేక ఊడిన సీట్లను తాళ్లతో కట్టారు. మిగిలినవాళ్లు ఇద్దరి పని ఒక్కరే చేశారు. ఒకడు నిద్రమత్తులో జాకీ సరిగ్గా పెట్టక వేళ్లు పోగొట్టుకున్నాడు. చాలా బస్సులు షెడ్డులోనే దుమ్ము పట్టాయి, స్టాపుల్లో జనం దుమ్మెత్తిపోశారు. మేస్త్రి వరండాలో కూర్చుని ఈ కబుర్లన్నీ చెవులారా వినేవాడు.

"మనం లేకపోతే చక్రం తిరుగుతుందట్రా?" అనేవాడు.

బావమరిది పకపకా నవ్వేవాడు. వాడింట్లో అప్పటికే ఒంటిపూట పొయ్యి వెలుగుతోంది.

వానలు మొదలయ్యాక బావమరిదికి ఆ జబ్బు తగులుకుంది. మేస్త్రి పక్కనే ఉండి, మూతి తుడిచి, దొడ్డికి ఎత్తుకెళ్లి చాకిరీ చేశాడు. ఆ ప్రేమ నిజం. అతనికి కాస్త దగ్గు వచ్చింది, పోయింది.

"చూశావా బావా," అన్నాడు బావమరిది ఆసుపత్రి మంచం మీద ఎగశ్వాసతో. "సూది లేకుండానే రాయిలా ఉన్నావు. నాకూ తగ్గిపోతుందిలే."

"తగ్గుతుందిరా. మాట్లాడకు, పడుకో."

"మనం తప్పు చెయ్యలేదు కదా బావా?"

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా దుప్పటి సర్దాడు. డిపో అంతా వినబడే గొంతు ఆ మంచం మీదికి చేరలేదు. అప్పుడు చెప్పినా వాడు బతికేవాడు కాదు, ఒప్పుకుంటాను. కానీ అంతకుముందు నెలల తరబడి వరండాలో రోజూ ఎదురుగానే కూర్చున్నాడు కదా. మర్నాడు వాడు పోయాడు.

కొన్నాళ్లకు డిపో సూపర్‌వైజరు బావమరిది ఇంటికి వచ్చాడు. మనుషులు దొరక్క డిపో అల్లాడుతోంది. వెల్డరు భార్యకు సామాన్ల గదిలో ఉద్యోగం ఇస్తామన్నాడు. టీకా ఒక్కటే షరతు. ఉద్యోగాలు పోయినవాళ్లంతా పరామర్శకని వచ్చి గోడవారన కూర్చున్నారు. ఆమె సూపర్‌వైజరుకు జవాబు చెప్పకుండా మేస్త్రి వైపు తిరిగింది.

"అన్నయ్యా, ఆయన ప్రాణం పోయినా మాట తప్పలేదు. ఇప్పుడు నేను సూది వేయించుకుంటే ఆయన్ని అవమానించినట్టు కాదా? ఇంట్లో చూస్తే గింజ లేదు. నాకేం పాలుపోవట్లేదు. మీరెలా అంటే అలా."

అందరూ మేస్త్రి నోటివంకే చూశారు. అతని భార్య, పోయినవాడి అక్క, ఆమె కూడా చూసింది. వేయించుకోమని చెప్పడానికి తన గుట్టు విప్పాల్సిన పనైనా లేదు. ఒక్క మాట చాలు. కానీ ఆ మాటంటే ఎవరో ఒకరు, మరి వాడికెందుకు చెప్పలేదని అడుగుతారు. అడిగేది తన భార్యే కావచ్చు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"వద్దమ్మా," అన్నాడు. "వాడి మాట మనం నిలబెట్టాలి."

ఆమె కళ్లు తుడుచుకుని సూపర్‌వైజరుకు దణ్ణం పెట్టింది.

"అన్నయ్య వద్దన్నారు కదండీ. ఇంకెవరికైనా ఇచ్చుకోండి."