తెల్వదన్న ఆదయ్య

ఆష్టి నుంచి సిరొంచకు వస్తున్న బస్సు దారిలో ఆగింది. రోడ్డు మీదుగా వాగు పారుతోంది. "మోకాల్లోతే. ఇరవై ఏండ్ల సంది తోల్తున్న, నాకెర్కలేదా?" అన్నాడు డ్రైవర్. పక్కనున్న కూతురి పరీక్ష వేళ దాటిపోతుందని చిన్నక్క, ముందు సీట్లో చదువుకుంటున్న పెద్దాయన వైపు వంగింది. "సారూ, పోవచ్చునా?" గడ్చిరోలిలో తత్వశాస్త్రం చెప్పి, రిటైరై సిరొంచలో ఉంటున్న ఆదయ్య, నాలుగు వందల ఏళ్ల కిందటి ఐరోపా వ్యాసాల పుస్తకాన్ని మూసి, కళ్లద్దాలు అంగీ అంచుతో తుడుచుకున్నాడు. మనిషి తెలివికి హద్దులున్నాయని చెప్పే ఆ పుస్తకం అంచుల నిండా ఆయన పెన్సిలు ప్రశ్నార్థకాలే. రాసినవాళ్ల మాటనూ ఊరికే నమ్మలేదు. "తెల్వదు బిడ్డా," అన్నాడు, బిరుదు చెప్పుకున్నంత దర్జాగా. "గిన్ని బుక్కులు సదివి గిదా చెప్పేది?" అని డ్రైవర్ అంటే బస్సంతా నవ్వింది. "సదివినంకనే తెల్వదని ఎర్కైంది. అంతకు ముందు నాకు అన్నీ తెల్సు."

ఆయన పంచె ఎగ్గట్టి, చేతికర్రతో తడుముకుంటూ నీళ్లలోకి దిగాడు. నాలుగో అడుగులో కర్ర పిడి దాకా మునిగింది గాని నేల తగల్లేదు. కింద రోడ్డు కోసుకుపోయింది. డ్రైవర్ ఇంజను ఆపేశాడు. చిన్నక్క కూతుర్ని గట్టిగా పొదువుకుని, "మా సిరొంచ సారు! ఆయనకు తెల్వంది లేదు," అని అందరికీ గర్వంగా చెప్పింది. నవ్వినవాళ్లే చుట్టూ మూగారు. "సారూ, నీళ్లు ఎప్పుడు తగ్గుతయి? ఈ ఏడు వానలెట్ల?" ఆదయ్య పంచె పిండుకున్నాడు. తెల్వదన్న మాటొక్కటే ఎవరూ ఇనలేదనుకుని, తల ఎత్తి, ఎవరికీ చెప్పకుండా, బస్సు వచ్చిన దారినే వెనక్కి నడిచిపోయాడు.