అవ్వ పేరు కోసం తీయించిన విరాసత్ ఫైలు

మా బాపుకు కన్నతల్లి పేరు తెలియదు. ఎనభై దాటిన మనిషి, బోధన్‌లో సగం ఊరి వంశాలు ఇంటిపేర్లతో సహా అప్పజెప్పగలడు. సొంత తల్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మా అవ్వ" అని ఆగిపోతాడు. ఆయనకు ఐదేళ్లప్పుడు ఆమె పోయిందని చెప్పారు. తొమ్మిదో ఏట తండ్రి కూడా పోతే, తండ్రి తమ్ముడే తెచ్చి సాకాడు. ఆయన్ని బాపు చిన్నబాపు అనేవాడు. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ పేరు పెట్టి తలుచుకోలేదు. ఎప్పుడైనా మాట వస్తే పుట్టింటి ఊరు పెట్టి "నవీపేటామె" అనేవారు, అంతే.

పేరు తెలియని కష్టం ఏటా ఒక్కరోజు బయటపడేది. పెత్తరమాస నాడు పోయిన పెద్దల పేరిట అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. అయ్యగారు ఒక్కొక్కరి పేరూ అడుగుతాడు. తండ్రి పోయిన ఏడు నుంచే చిన్నబాపు పక్కన కూర్చోబెట్టుకుని ఆ పిల్లవాడి చేత తల్లికీ తండ్రికీ బియ్యం ఇప్పించాడు. తల్లి పేరేమిటని అడిగితే, వదినను నేనెప్పుడన్నా పేరు పెట్టి పిలిచిన్నా అని దాటేశాడట.

పోయినేడు పెత్తరమాస అయ్యాక బాపు నన్ను పిలిచాడు. "బిడ్డా, నేను పోయేలోపట మా అవ్వ పేరొక్కటి దొరుకబట్టు. పేరు లేకుంట ఇచ్చిన బియ్యం ఆమెకు ముట్టినయో లేదో. గదే నాకు రంది."

నేను నిజామాబాద్‌లో పంతులమ్మగా చేసి రిటైరైనదాన్ని. పిల్లల మీద అరిచే పని పోయింది, మొండితనం మాత్రం మిగిలింది. మనిషి పోయాక అతని భూమి ఎవరి పేరు మీదికి ఎక్కాలో తేల్చే కాగితాలను మావైపు విరాసత్ అంటారు. తాత పోయినప్పుడు అలాంటి ఫైలు ఒకటి ఉండే ఉంటుంది, అందులో వారసుల పేర్లుంటాయి అనుకుని బోధన్ ఆఫీసు చుట్టూ తిరిగాను. రికార్డు రూములో ఉన్నతను "భూమి పంచాయితా మేడం?" అన్నాడు. కాదు, ఒక పేరు కోసం అంటే పాపం నమ్మలేదు. అయినా వెతికాడు. మూడో నెలలో నాలుగు కాగితాల నకలు చేతిలో పెట్టాడు. అంతా ఉర్దూ.

నిజామాబాద్‌లో పుస్తకాలకు అట్టలు వేసే ఒక ముసలాయన ఉన్నాడు. చిన్నప్పుడు ఉర్దూలోనే చదువుకున్నవాడు. ఆయన రెండో కాగితంలోనే పేరు పట్టుకున్నాడు. ఆ పేరు ఇక్కడ రాయను, అది బాపుది. నాకైతే కాళ్లు నేల మీద నిలవలేదు. బాపుకు చెబుదామని ఫోన్ తీశాను.

"ఆగు బేటీ, మొత్తం సదవనియ్యి," అన్నాడు పెద్దాయన. "ఈమె సచ్చిపోయిందని రాయలే. ఈమె బయాన్ ఇచ్చింది."

తాత పోయిన ఏడాదే, అంటే బాపు మొదటిసారి బియ్యం ఇచ్చిన ఏడాదే, అధికారి డిచ్‌పల్లి కుష్ఠు దవాఖానకు పోయి ఆమె చెప్పింది బయాన్‌గా రాసుకున్నాడు. పెద్దాయన అది తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. "నాకు భూమిల హిస్సా వద్దు. అంత నా కొడుకు పేరు మీదికి ఎక్కియ్యిండ్రి. మరిది సాకుతనన్నడు. పిలగాన్ని మాత్రం నా దగ్గరికి తోల్కరావద్దు."

చిన్నబాపును నోరారా తిడదామనుకున్నాను. కానీ తాత చెరకు తోటంతా బాపు పేరు మీదే ఉంచి, సొంత పిల్లల కంటే ముందు బాపుకు అన్నం పెట్టిన మనిషి ఆయన. తల్లికి ఆ రోగమని తెలిస్తే ఆ రోజుల్లో పిల్లవాణ్ణి పంక్తిలో కూర్చోనిచ్చేవారా, పిల్లనిచ్చేవారా? ఎవరిని తిట్టాలో తెలియక బస్సులో బోధన్ దాకా ఏడుస్తూనే ఉన్నాను.

పేరొక్కటి చెప్పి ఊరుకుందామనుకున్నాను. చెప్పాను. బాపు ఆ పేరును రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత నన్ను చూసి, "పేరు దొరికితే నీ మొఖం గట్లెందుకున్నది?" అన్నాడు. ఆయన దగ్గర నా అబద్ధం ఏనాడూ నిలవలేదు. అంతా చెప్పేశాను.

"డిచ్‌పల్లిలనా?" అన్నాడు బాపు. "ఎన్నిసార్లు పోయిన బిడ్డా ఆడికెల్లి. రైలు ఆగితే దిగి ఛాయ్ తాగెటోన్ని."

"నీకు తెల్వది కద బాపు."

"బతికున్న అవ్వకు బియ్యం ఇచ్చిన. నా చేతులతోని సచ్చినోళ్లల్ల కలిపిన. గది ఆమెకెరుకైందో ఏమో." మళ్లీ తనే అడిగాడు. "ఆడ ఎన్నేండ్లున్నదట?"

"గది రాయలే బాపు."

కాగితం ఇమ్మన్నాడు. ఉర్దూ రాదు కదా, తిప్పి తిప్పి చూశాడు. "ఆమె ఏలిముద్ర ఏది?" అంటే కింద చూపించాను. "గింత పెద్దగున్నదేంది?"

చెప్పకుండా ఉంటే బాగుండు అనిపించింది. "చేతులకు వేళ్లు లెవ్వట బాపు. కాలి బొటనేలు ఒత్తించిండ్రట."

బాపు మంచం పట్టె పట్టుకుని మెల్లగా కిందికి దిగాడు. మోకాళ్ల నొప్పులతో ఏళ్లుగా నేల మీద కూర్చోని మనిషి. కాగితాన్ని కుర్చీలో పరిచి, వంగి, ఆ ముద్ర మీద నుదురు ఆనించాడు. "కాళ్లు మొక్కుతున్న అవ్వా," అన్నాడు. లేపుదామని వెళ్లినదాన్ని, నేనూ పక్కన కూర్చుండిపోయాను.