దాల్చా కోసం పెట్టిన సొరపాదులు

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. బత్తలపల్లె పక్క ఊరు మాది. కూతురి నిఖాకు బిర్యానీతో పెట్టే దాల్చా, అదే సొరకాయ వేసి వండే పప్పు, దాని కోసమని పెరట్లో సొరపాదులు పెట్టాను. ఒక ఉదయం పక్కింటి ఓబులేసు కొడవలితో వచ్చి తీగలను మొదళ్లకు నరికాడు.

"మోటరు పెట్టి కొళాయి నీళ్లంతా మీరే లాగుతాండారు. మా పిల్లోళ్లు ఏం తాగల్ల?"

"మోటరు యాడుండాదన్నా? పాదులకు మేం పోసేది స్నానం నీళ్లే" అన్నాను.

మా ఆయన అతని గొంతు పట్టుకున్నాడు. కొడవలి లేచింది. అడ్డం పెట్టిన నా అరచెయ్యి చీలి రక్తం కారింది. ఆపుకుందామని కొళాయి దగ్గరి గోనెసంచి లాగితే, దాని కింద మోటరు ఉంది.

"పెండ్లి దాకానే అనుకుంటి" అని మా ఆయన తల దించుకున్నాడు.

ఓబులేసు తన తువ్వాలు నా చేతికి కట్టాడు. నిఖా నాడు సొరకాయ లేని దాల్చానే వండి, మొదటి గిన్నె వాళ్లింటికి పంపాను.

మీ ఇంట పెండ్లిళ్లు చల్లగా జరగాలి, పక్కింటి బిందె కూడా నిండాలి.