సెవరీన్‌ను నాన్నా అనాల్సిందే

మంచు ప్రాంతంలోని మా ఇలులిస్సాట్ ఊళ్లో సెవరీన్‌తో వాదనకు దిగి నెగ్గినవాళ్లు నాకు తెలిసి లేరు. పక్కింటిదాన్ని, నాకు తెలుసు. ఆ నోరు పేరుతోపాటు వచ్చింది. తాత సెవరిన్ పోయిన నెలకే పుట్టిందని ఆయన పేరే పెట్టారు. మా దగ్గర పోయినవాళ్ల పేరు పెడితే వాళ్ల వరస కూడా వస్తుంది. ఉయ్యాల్లో ఉండగానే వాళ్లమ్మ దాన్ని "నాన్నా" అనేది. అమ్మమ్మ బిబియానె అయితే "మా ఆయన లేచాడా?" అని అడిగేది. మేనమామ టైటస్ కూడా "నాన్నా, నాన్నా" అంటూ భుజాన వేసుకు తిరిగినవాడే.

అది పెద్దదై కుక్కలు లాగే మంచుబండి తోలతానన్న రోజునుంచి మాత్రం ఆయనకు వరస గుర్తులేదు. తాత కుక్కల సంతతంతా టైటస్ దగ్గరే ఉంది. సెలవులకొచ్చే పర్యాటకులను వాటితో తిప్పుతాడు. ఇప్పుడు నడుం పట్టేసింది. ఈ చలికాలం కాగానే కుక్కలను తుపాకీతో కాల్చేసి స్నో స్కూటర్ కొంటానన్నాడు. సెవరీన్ ఎంత బతిమాలినా, "ఆడపిల్లవి, చేపల ఫ్యాక్టరీలో పనుందిగా, చేసుకో" అనేవాడు. నాకే ఒళ్లు మండేది.

మార్చిలో ఒక ఉదయం డెన్మార్క్ నుంచి వచ్చిన ప్రేబెన్ అనే పెద్దమనిషి బండి పక్కన నిలబడి వణుకుతున్నాడు. టైటస్ వంగలేకపోతున్నాడు. సెవరీన్ ఎవరినీ అడక్కుండా వచ్చి కుక్కలకు పట్టీలు తొడగడం మొదలుపెట్టింది.

"ఏయ్ పిల్లా, వదులు! అవి నా కుక్కలు."

"నీకెవరిచ్చారు?"

"మా నాన్న."

"మరి నేనెవర్ని?"

టైటస్ చేతిలోని కొరడా వెనక్కి దాచుకున్నాడు.

"నిన్నేరా అబ్బాయ్! నేనిచ్చిన కుక్కల్ని నన్నడక్కుండా కాల్చేస్తావా? నడుం నొప్పైతే పోయి పడుకో. ఆ కొరడా ఇలా ఇవ్వు!"

అరవై దాటిన మేనమామను "ఏరా" అనడం మా ఊళ్లోనూ తప్పే. కొడుకును అంటే తప్పేముంది? టైటస్ దిక్కుతోచక గడపలో కూర్చున్న తల్లి వైపు చూశాడు.

"నన్ను చూస్తావేంరా? మా ఆయన మాటకి నేనెప్పుడైనా అడ్డొచ్చానా?" అంది బిబియానె.

ఆయన బతికుండగా ప్రతి మాటకూ అడ్డొచ్చింది. ఊరంతా సాక్ష్యం.

కొరడా చేతులు మారింది. అతిథికి చిన్న దెబ్బ తగిలినా టైటస్ మాటే నెగ్గుతుంది, కుక్కలు పోతాయి. బండి కనుమ వైపు వెళ్తుంటే మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. అక్కడి నిట్టనిలువు దిగుడులో ఏం జరిగిందో తర్వాత కాఫీ తాగుతూ ప్రేబెనే చెప్పాడు.

"కుక్కల్ని బండి వెనక్కి పంపేస్తున్నారేంటండీ?" అని ఆయన కంగారుపడ్డాడట.

"దిగేటప్పుడు అవే బ్రేకులు. గట్టిగా పట్టుకోండి. పడిపోతే వెతకను, ఆకలేసినప్పుడు కుక్కలే వెతుక్కుంటాయి."

ఆయన పడలేదు. గడ్డం నిండా మంచుతో, చిన్నపిల్లాడిలా కేకలు పెడుతూ తిరిగొచ్చాడు. టైటస్ ఒక్కో కుక్క పాదం ఎత్తి చూశాడు. ఎక్కడా గీత కూడా లేదు. కత్తి తెచ్చి కుక్కలకు సీల్ మాంసం కోయడానికి కూర్చున్నాడు.

"రేపు కూడా ఈ అమ్మాయే తోలుతుందా?" అని ప్రేబెన్ ఆశగా అడిగాడు.

టైటస్ తల ఎత్తలేదు.

"నన్నడుగుతారేంటండీ? కుక్కలు మా నాన్నవి. ఆయన్నే అడగండి."