సగం బీరువా

మా అక్కని ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. అందరికీ ఆవిడ తూకమ్మ. చిన్నప్పుడు అమ్మ మిఠాయి పంచితే, తన ముక్క కాస్త పెద్దదనిపిస్తే చాలు, ఆ కొసరు గిల్లి నా చేతిలో పెట్టేసేది. పెద్దయ్యాక విత్తనాల శాస్త్రవేత్త అయి ప్రభుత్వ పరిశోధనశాలలో చేరింది. పెళ్ళి చేసుకోలేదు. మా మేడ మీద గదిలో ఉంటుంది, నా పిల్లలకు పెద్దమ్మ. ఆఫీసు పెన్ను పొరపాటున ఇంటికి వస్తే మర్నాడు పొద్దున్నే తిరిగి తీసుకెళ్ళే రకం. నేను సిటీ బస్సు నడుపుతాను. ఆవిడకి కోపం రావలసిన చోటల్లా నాకే వస్తుంది. ఇది కూడా ఒళ్ళు మండే చెబుతున్నాను.

సరిహద్దు కొండల వాలులో ఒక రకం జొన్న పండేది. వాన మొహం చాటేసినా ఎండిపోని పంట. ఇటు మా వాళ్ళు, అటు పొరుగు దేశం వాళ్ళు, అందరూ ఎక్కువ దిగుబడి ఇచ్చే రకాలకి మారిపోయారు. అక్క ఆ కొండలన్నీ కాళ్ళరిగేలా తిరిగితే చివరికి ఒక ముసలావిడ ఇంట్లో కాసిని గింజలు దొరికాయి. "నా తర్వాత వేసేవాళ్ళు లేరమ్మా. నువ్వైనా బతికించు" అని ఆవిడ కుండ బోర్లించి ఇచ్చేసిందట. ఆ గింజల సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటిదాకా వచ్చింది అక్క. అంత సంతోషంగా ఆవిణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు.

గింజ కూడా బతికున్న ప్రాణమేనట. వేడీ చెమ్మా తగిలితే లోపల్లోపలే చచ్చిపోతుంది, పైకి ఏమీ తెలియదు. ఎండబెట్టి, బాగా చల్లగా ఉండే బీరువాలో దాచాలి. మా వాళ్ళ దగ్గర అలాంటిది లేదు. కొండ ఇద్దరిదీ కాబట్టి రెండు దేశాలూ కలిసి చేసే పరిశోధనలకిచ్చే నిధికి అర్జీ పెట్టింది. అవతల దేశంలో ఇదే జొన్న మీద పనిచేసే ఒక పెద్దాయన తోడయ్యాడు. ఇద్దరూ ఫోన్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు. నిధి మంజూరైంది. అక్కడితో మా కష్టాలు తీరాయనుకున్నాం, మా అమాయకత్వం!

నిధుల ఆఫీసరు ఒకాయన ఉన్నాడు. నేను ఆయనకి సగం సారు అని పేరు పెట్టాను. ఎవరూ ఎక్కువా కాకూడదు, ఎవరూ తక్కువా కాకూడదు, అన్నీ సగం సగం అన్నాడాయన. కాబట్టి బీరువా మేము కొనాలి, దాన్ని చల్లబరిచే ఇంజను వాళ్ళు కొనాలి. కమిటీలో ఇటువాళ్ళూ అటువాళ్ళూ తలలూపారు. కొన్నారు కూడా. కొన్నాక తేలిందేమిటంటే, ఎవరి ప్రభుత్వ సొమ్ముతో కొన్న వస్తువు వాళ్ళ దేశం దాటకూడదు. రెండు దేశాల్లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే నిబంధన. అంతమంది చదువుకున్నవాళ్ళు గంటల తరబడి కూర్చుని టీలు తాగారే, ఒక్క బుర్రకైనా తట్టొద్దూ?

బీరువా మా వాళ్ళ దగ్గర, ఇంజను వాళ్ళ దగ్గర ఉండిపోయాయి. పెద్దాయన తుప్పు పట్టకుండా అప్పుడప్పుడూ ఇంజను ఆన్ చేసేవాడట. అది ఆయన గదిని చల్లబరుస్తూ కూర్చునేది. ఇక్కడ గింజలు రేకుల కప్పు కింద ఉడికిపోతున్నాయి.

"పోనీ గింజలే ఆయనకి పంపించెయ్యి" అన్నాను.

"విత్తనాలు సరిహద్దు దాటాలంటే వేరే అనుమతి కావాలే. అడిగాను, ఇంకా రాలేదు."

"అయితే మామూలు ఫ్రిజ్ ఒకటి కొనమను."

"చల్లబరిచే యంత్రం ఇప్పటికే ఇచ్చాం, రెండోది ఇవ్వం అన్నారు."

"ఇచ్చింది ఎక్కడ తగలడింది? సరే, ఎక్కడైనా కాస్త నేలలో చల్లి కొత్త గింజలు తీసుకో."

"విత్తితే ఖర్చు చేసినట్టు లెక్క. ఉమ్మడి ఆస్తి కదా, ఇద్దరూ ఒప్పుకోవాలి. వాళ్ళు ఒప్పుకుంటే మేం ఒప్పుకుంటాం అని వీళ్ళు, వీళ్ళు ఒప్పుకుంటే మేం ఒప్పుకుంటాం అని వాళ్ళు."

నాకు ఎక్కడో కాలింది. "అక్కా, ఎవరికీ చెప్పకుండా ఒక పొట్లం ఇంటికి తెచ్చెయ్. మేడ మీద తొట్లు ఉన్నాయి. మట్టి నేను మోస్తాను. బతికితే చాలు కదా!"

అక్క నన్ను దొంగను చూసినట్టు చూసింది. "అవి నావి కావు" అంది. 

వానాకాలాలు వస్తూ పోతూ ఉన్నాయి. అక్క ఒక్కో కాలం తర్వాత కాసిని గింజలు తడిగుడ్డలో పెట్టి చూసేది. ఆ పరీక్షకి మాత్రం అనుమతి ఉందిలెండి, ఎన్ని చచ్చాయో తెలుసుకోవచ్చు, బతికించకూడదు. మొదట దాదాపు అన్నీ మొలిచాయి. తర్వాత సగం, ఆ తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. గుడ్డ విప్పి చూసిన రోజు అన్నం కెలికి లేచిపోయేది. సగం సారు గది ముందు నిలబడి నిలబడి ఆవిడ కాళ్ళు వాచేవి. ఫైలు కదులుతోంది మేడమ్, అనేవాడాయన. కదిలి ఎక్కడికి పోతోందో ఆ దేవుడికే తెలియాలి.

చివరికి కదిలింది. ఇంజను ఇక్కడికి అతిథిగా వస్తుందట, ఆస్తిగా కాదట! ఆ ఒక్క మాట కనిపెట్టడానికి రెండు దేశాల మేధావులకి ఇన్నేళ్ళు పట్టింది. ప్రారంభోత్సవానికి కుటుంబ సభ్యులను కూడా పిలిచారు. సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. రెండు దేశాల జెండాలు, పూలు, ఉపన్యాసాలు. గోడ మీద తెరలో పెద్దాయన కనిపిస్తున్నాడు, తల వంచుకుని ఉన్నాడు. ఇంజను ఆన్ చేశారు. బీరువా చల్లబడింది. వచ్చినవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు చెయ్యి లోపల పెట్టి, అబ్బ అబ్బ అని మురిసిపోయారు.

"మొదటి పొట్లం మేడమే పెట్టాలి" అన్నాడు సగం సారు.

అక్క పొట్లం పట్టుకుని నిలబడింది. "ఇవి చచ్చిపోయాయండి. వారం కిందట తడిపి చూశాను. ఒక్కటీ మొలవలేదు" అంది.

ఆయన ఒక క్షణం తడబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి, "పర్వాలేదు మేడమ్, పెట్టెయ్యండి. ఫొటో కోసం ఎదురుచూస్తున్నారు" అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచాను. ఆ నిమిషంలో ఆయన్ని ఏమనేదాన్నో నాకే తెలియదు. ఆ అవసరం రాలేదు. అక్క పొట్లాన్ని తన చేతిసంచిలో వేసుకుని గుమ్మం వైపు నడిచింది.

"మేడమ్, అది ఉమ్మడి ఆస్తి! బయటికి తీసుకెళ్ళకూడదు!"

"రేపు నోటీసు పంపండి" అంది అక్క, వెనక్కి తిరగకుండానే.

స్కూటర్ మీద నా వెనక కూర్చుంది. నాకైతే ఈల వెయ్యాలనిపించింది. ఇన్నేళ్ళకి మా తూకమ్మ ఎదురు తిరిగిందని పొంగిపోతూ, "శభాష్ అక్కా! ఎక్కడికి పోదాం?" అన్నాను.

 అద్దంలో చూస్తే సంచి గుండెకి అదుముకుని ఏడుస్తోంది. బండి రోడ్డు పక్కన ఆపాను.

"ఇంతే కదే" అంది. "సంచిలో వేసుకుని నడిచి రావడమే కదా. అప్పుడే తెచ్చేసి ఉంటే బతికేవి."