కనెక్టర్లకు గంధం

ఆ అనర్థం మొదలైంది దసరా ముందు గురువారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు. ఆ రోజుల్లో నాకు ముప్పై మూడేళ్ళు. నా లెక్క తప్పదని గట్టి నమ్మకం (దాని ఖరీదెంతో తర్వాత తెలిసింది). తిరుమలగిరిలో బస్సెక్కి బేగంపేటలో దిగితే, రెండో అంతస్తులో మా ఆఫీసు. ఈ కాలపు బస్సుల్లో ఇంజిను, బ్రేకులు, తలుపులు రెండు సన్నని తీగల మీద ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్లు నడిపే సాఫ్ట్‌వేర్ రాసేది బొల్లారం నుంచి వచ్చే ఒక అమ్మాయి. మేమంతా బొల్లారం పిల్ల అనేవాళ్ళం. పరీక్షించేది నేను. ఆ పిల్ల ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పై గురువారం ఆ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళు వచ్చి, చూసి, సరే అంటేనే ఖాయం.

ఆ రోజు ఆఫీసులో ఆయుధపూజ. మా మేనేజరు కంప్యూటర్లతో పాటు స్టేప్లరుకు కూడా బొట్టు పెట్టించాడు. నాకు నిష్ఠ మరీ ఎక్కువ కనుక పరీక్ష బల్ల మీది తీగలన్నీ విప్పి, కనెక్టర్ల లోపల సైతం తడి గంధం, పసుపు అద్దాను. పన్నెండు కనెక్టర్లు, ఇరవై నాలుగు బొట్లు. చర్చికి వెళ్ళే ఆ పిల్ల పక్కన నిలబడి, "అక్కా, పైన పెట్టుండ్రి, లోపల వద్దు" అంది.

"మా పూజల సంగతి నీకేం తెలుసమ్మా" అన్నాను.

మేనేజరు, "ఆమెను పరేషాన్ చెయ్యకు. పులిహోర తిను" అన్నాడు. తిన్నది, పాపం.

సెలవుల తర్వాత సోమవారం వెయ్యి కబుర్లు పంపితే రెండువందల పన్నెండు చేరలేదు. బల్ల మీది బ్రేకు నొక్కితే వెనక దీపం కాస్త ఆలోచించుకుని వెలుగుతోంది.

"తప్పు నీ కోడ్‌లోనే ఉంది" అన్నాను.

"పూజకు ముందు రోజు వెయ్యికి వెయ్యి చేరినయ్ కదక్కా. నేను ఒక్క లైను సుత ముట్టలే. కనెక్టర్లు జెర విప్పి చూద్దాం."

"అవి నా చేత్తో పూజ చేసినవి" అన్నాను (ఇంజనీరింగ్ చదివిన మనిషి చూపిన రుజువు అది).

మేనేజరు నన్నే సమర్థించాడు. "పూజ చేసినంక వైర్లు ఎట్ల ఖరాబైతయమ్మా?"

మూడు రోజులు కూర్చుని, రంగుల గీతలతో పందొమ్మిది పేజీల నివేదిక రాశాను. అందులో అంకెలన్నీ సరైనవే. ప్రోగ్రాం రాసిన మనిషి నిర్లక్ష్యమే కారణమన్న చివరి వాక్యం ఒక్కటే తప్పు. బుధవారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై అయిదు నిమిషాలకు మేనేజరు దాన్ని చదవకుండానే సంతకం చేశాడు.

ఆ పిల్ల దూది, స్పిరిటు తెచ్చి, పన్నెండు కనెక్టర్లూ విప్పి తుడిచింది. ఎండిన గంధం పెచ్చులు ఒక కాగితం మీద రాల్చింది. మళ్ళీ వెయ్యి కబుర్లు పంపింది. వెయ్యీ చేరాయి.

మేనేజరు కాగితం వంక, నా వంక చూసి, "మేడమ్, గిది ఎవరి కోడు?" అన్నాడు.

మర్నాడు కొనేవాళ్ళు సరే అన్నారు. పిల్ల ఉద్యోగం ఖాయమైంది. ఆ ఉత్తర్వు పట్టుకునే నెల తిరక్కుండా ఇంకో కంపెనీకి వెళ్ళిపోయింది. వెళ్తూ, "మీ పందొమ్మిది పేజీలు చదివినక్కా. మస్తు కష్టపడ్డరు" అంది.

ఆ ముప్పై మూడేళ్ళ మనిషిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. గుమ్మంలోకి వస్తే మాత్రం తలుపు తియ్యను. మొత్తం మీద పోయినవి: మూడు పనిదినాలు, ఒక సీసా స్పిరిటు, పందొమ్మిది పేజీలు, నా మొహం మీదే నిజం చెప్పే మనిషి ఒకరు.