కడగని రీలు

డిజిటల్ వచ్చాక పలాసలో, టెక్కలిలో స్టూడియోలవాళ్ళు చీకటిగదులు ఖాళీ చేసి సామానంతా తూకానికి అమ్మేస్తుంటే నాకు కడుపు మండిపోయేది. ఫోటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్లు, ట్రేలు, ఫోటోలు కడిగే మందు డబ్బాలు, తేదీ దాటిన రీళ్ళు, ఏది దొరికితే అది ఇంటికి మోసుకొచ్చేవాణ్ణి. రీళ్ళు వేడికి పాడవుతాయని ఫ్రిజ్‌లో దాచేవాణ్ణి. "కూరగాయలు నా నెత్తి మీద ఎట్టుకోమంటావేటి?" అని మా ఆవిడ రోజూ గొడవ.

టెక్కలిలో ఒక స్టూడియో ఆయన పోయాక అతని పాత సామాను కొన్నాను. అందులో ఫోటోలు తీసి కడగకుండా వదిలేసిన రీలు ఒకటి ఉంది. అలాంటి రీలుకి చీకటిగదిలో కడిగేలోపు వెలుతురు తగిలితే బొమ్మలన్నీ చెరిగిపోతాయి. డబ్బీ మీద ఉద్దానం రేవు ఒకదాని పేరు రాసుంది. కొన్నేళ్ళ కిందట ఆ రేవులో కొత్త పడవకు పూజ జరుగుతుండగా, వలల తగాదాతో పక్క ఊరివాళ్ళు కత్తులతో మీదపడ్డారు. పడవ కొనుక్కున్న కుర్రాణ్ణి ఇసుకలో పడేసి నరికారు. పూజ ఫోటోలు తీసింది ఈ స్టూడియో ఆయనే. కొడుకు ఫోటో ఒక్కటీ లేని ఆ తల్లి ఎన్నోసార్లు వచ్చి అడిగితే, రీలు పాడైపోయిందని చెప్పి పంపేసేవాడు. ఆ నరికినవాళ్ళకు భయపడి దాచేశాడన్నమాట!

రీలు దొరికిందని ఆ తల్లికి కబురు పెట్టాను. ఆవిడ సంతోషం పట్టలేక ఊరంతా చెప్పుకుంది. ఆమెకంటే ముందు పక్క ఊరివాళ్ళు ఇద్దరు నా ఇంటికి వచ్చారు. రీల్లో తమ మొహాలు ఉంటాయని వాళ్ళ భయం.

"రీలేదిరా?"

"ఏ రీలు?" అన్నాను.

మొదటి దెబ్బ పళ్ళ మీద పడింది. మందు సీసాలు గోడకేసి బద్దలు కొట్టారు. ఎన్‌లార్జర్‌ని నేలకేసి మోదారు. "సెప్పకపోతే సంపేత్తాం" అంటూ నా కుడిచెయ్యి గడప మీద పెట్టి కర్రతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. ఒళ్ళు తెలియని కోపంతో ఎడమచేత్తో ఇనప స్టాండు అందుకుని ఒకడి మొహం పగలగొట్టాను. మా ఆవిడ కేకలకు వీధివీధంతా వచ్చిపడేసరికి పారిపోయారు. ఫ్రిజ్ తెరిచి చూడాలన్న బుద్ధి ఆ వెధవలకు పుట్టలేదు.

చేతికి కట్టు వేయించుకున్నాక ఆ తల్లి వచ్చింది. నా చెయ్యి చూసి ఏడ్చింది. రీలు ఆమె చేతిలో పెట్టి, "మీ అబ్బాయి ఇందులోనే ఉన్నాడమ్మా. మందు కలుపుకుని వస్తాను, కూర్చో" అని లోపలికి వెళ్ళాను.

స్టూడియోకి వచ్చినవాళ్ళంతా కడిగిన నెగటివ్‌ని వెలుతురుకు ఎత్తి చూసి, కావలసిన ఫోటో ఎంచుకునేవాళ్ళు. టెక్కలిలో కూర్చుని కూర్చుని ఆమె కూడా అది చూసే ఉంటుంది. నేను బయటికి వచ్చేసరికి రీలు కొస పట్టుకుని మొత్తం లాగేసి, వాకిట్లో నిలబడి ఎండకు ఎత్తి పట్టుకుంది.

నా నోట బూతు వచ్చేసింది. కట్టు కట్టిన చెయ్యే పైకి లేచింది. ఆమె నావైపు చూడనేలేదు. కళ్ళు చికిలించి ఫిల్మును ఇటూ అటూ తిప్పుతోంది.

"ఏటి బాబూ, అంతా ఒక్కలాగే ఉందేటి? నా కొడుకెక్కడున్నాడో నువ్వే సూపించు" అంది.